పురట్టాసిలో ఒక రోజు మాకివ్వండి

మద్రాసు మ్యూజిక్ అకాడెమీ అధ్యక్షులకు, నిపుణుల సంఘం పెద్దలకు



ఈ ఉత్తరం కచేరీల గురించి కాదు. ఈ ఏడు బిరుదు ఎవరికి వచ్చింది, సాయంత్రం కచేరీ ఎవరికి దక్కింది, మధ్యాహ్నం భోజనాల వేళ ఖాళీ కుర్చీలకు పాడే యోగం ఎవరికి పట్టింది అన్న లెక్కలు చూడటానికి చెన్నైలో చాలామంది ఉన్నారు. నేను అడగబోయేది పొద్దుటి సంగతి. డిసెంబరు నడిమి నుంచి కొత్త సంవత్సరం దాకా రోజూ ఎనిమిది దాటగానే మీ దగ్గర సోదాహరణ ప్రసంగాలు మొదలవుతాయి. ఆ ఏడు సంగీత కళానిధిగా ఎంపికైన విద్వాంసులు అధ్యక్షత వహిస్తారు. ఒకరు ఒక రాగం పుట్టుపూర్వోత్తరాలు తవ్వి తీస్తారు. ఇంకొకరు ఒక కీర్తనకున్న పాఠాంతరాలు పాడి చూపిస్తారు. అంతా అయ్యాక ముందు వరసలోంచి ఒక పెద్దాయన లేచి, తన గురువుగారు అలా పాడేవారు కాదని నిక్కచ్చిగా చెబుతారు. నా మట్టుకు నాకు సీజన్ మొత్తంలో రుచికరమైన ఘట్టం అదే. దానికి టికెట్ కూడా లేదు.

ఆ ప్రసంగాలను ఏడాదికి ఒక్కసారి, ఒక్క రోజు మా జిల్లాకు తీసుకురండి. ధర్మపురిలో పెట్టినా సరే, మా ఊరు కంబైనల్లూరులో పెడితే మరీ సంతోషం. కచేరీ వద్దు. మాట్లాడేవాళ్ళు కావాలి, మధ్యలో ఆపి అడిగే వీలు కావాలి.

మా ఊరు తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. చెన్నై నుంచి సేలం వైపు వచ్చే రైలెక్కి మొరప్పూరులో దిగాలి, అక్కణ్ణుంచి బస్సు. టౌన్ పంచాయతీ. చుట్టూ రాగి చేలు, మామిడి తోటలు, ధర పలికితే కోసి పలకకపోతే చేలోనే వదిలేసే టమాటా. మాలాంటి ఇళ్ళల్లో తెలుగు మాట్లాడతాం, బళ్ళో తమిళం చదువుతాం. నేను పిల్లలకు వయొలిన్ చెప్పుకుంటూ బతికినవాణ్ణి. పెళ్ళిళ్ళ కాలంలో ఆర్కెస్ట్రాల్లోనూ వాయించాను, సినిమా పాటలే. తెలుగులో ఎందుకు రాస్తున్నానని అనుకోకండి. మీ వేదిక మీద సాయంత్రాలు ఎక్కువసేపు వినిపించేది మా ఇంటి భాషే కదా. ఎవరో ఒకరు చదివి చెప్పకపోరు.

మా చుట్టుపక్కల సంగీతం మీద బతికేవాళ్ళు చాలామందే ఉన్నారు. గుడి మేళంలో నాదస్వరం, తవిల్ వాయించేవాళ్ళు, తెరుక్కూత్తు వీధినాటకాల్లో హార్మోనియం పట్టేవాళ్ళు, అమ్మవారి పండగలకు పంబై కొట్టేవాళ్ళు, పురట్టాసి శనివారాల్లో పెరుమాళ్ళ గుడిలో భజన పాడేవాళ్ళు, ఆదివారం చర్చిలో కీబోర్డు వాయించి ముహూర్తాల రోజుల్లో ఆర్కెస్ట్రాకు వెళ్ళే కుర్రాళ్ళు. వీళ్ళలో చాలామందిది చెవితో పట్టుకున్న విద్య. పుస్తకం ముట్టని చేతులు కావచ్చు గానీ ప్రశ్నలు లేని బుర్రలు కావు. ఒక ప్రశ్న చెబుతాను.

ఒక పెళ్ళిలో ముహూర్తం అయిపోయి జనం భోజనాలకు కదిలారు. నాదస్వరం వాయించే ఆయన వాద్యం ఒళ్ళో పడుకోబెట్టుకుని, ఊదే పీక సీవాళిని ఊడదీశాడు. రెండు వేళ్ళ మధ్య దాని పెదవులు మెల్లగా నొక్కి, ట్యూబులైటు వైపు ఎత్తి సందు చూసి, వాద్యానికి వేలాడుతున్న దంతపు సూదితో లోపల సవరించి, నోట్లో పెట్టి తడిపి, మళ్ళీ చూశాడు. ఆ పని మీదే కళ్ళుంచి నన్ను అడిగాడు: "అన్నా, ఇందాక వాళ్ళడిగితే వాయించానే, కొంజుం సలంగై పాట. అది ఆభేరి అంటారు కదా. త్యాగయ్యగారి నగుమోము కూడా ఆభేరే. రెంట్లోనూ ధైవతం ఒకటే పడుతుంది నాకు. ఒక పెద్దాయనేమో అసలు ఆభేరికి ఈ ధైవతం కాదు, కింది ధైవతం అన్నాడు. అయితే ఇన్నేళ్ళుగా నేను తప్పు వాయిస్తున్నానా?"

కొంజుం సలంగై 1962 నాటి సినిమా. తెలుగులో మురిపించే మువ్వలుగా వచ్చింది. కారుకురిచ్చి అరుణాచలం నాదస్వరంతో పోటీ పడి మన జానకి పాడిన పాట అది. ఆమె పేరు చెప్పగానే ఇప్పటికీ ఆ పాటే గుర్తొచ్చేవాళ్ళున్నారు. పెళ్ళిలో నాదస్వరం కనిపిస్తే ఎవరో ఒకరు దాన్ని అడగకుండా ఉండరు. అంటే ఈ మనిషి ఆభేరిని వారానికి రెండుసార్లయినా వాయిస్తాడు. ఆభేరి గురించి మాట్లాడే అర్హత ఇంతకంటే ఎవరికుంటుంది?

నాకు తెలిసినంత చెప్పాను. తప్పేమీ లేదు. ఇవాళ కచేరీల్లో వినపడే ఆభేరికి చతుశ్రుతి ధైవతమే. దీక్షితుల సంప్రదాయంలో మాత్రం అదే పేరుగల రాగానికి శుద్ధ ధైవతం. ఒకే పేరుతో రెండు రూపాలు నడిచాయి, ఒకటి ముందుకొచ్చింది, ఇంకొకటి వెనక్కి తగ్గింది. అతను ఊరుకోలేదు. శుద్ధ ధైవతంతో ఎలా ఉంటుందో చూద్దామని అక్కడికక్కడే ఎత్తుకున్నాడు. పంచమం మీద నిలబడి, ధైవతాన్ని కిందికి దించి, రెండు మూడు సార్లు దాని చుట్టూ తిరిగాడు. తవిల్ ఆయన కర్ర కింద పెట్టి వింటున్నాడు. ఇంతలో పెళ్ళికూతురి మేనమామ వంటింటి వైపు నుంచి వచ్చి, శుభమా అని పెళ్ళి జరుగుతుంటే ఈ ఏడుపు రాగమేమిటయ్యా, సినిమా పాట వాయించు అన్నాడు. మా పరిశోధన అక్కడితో ముగిసింది.

ఈ ప్రశ్న మీ పొద్దుటి సభలో పడితే ఏమవుతుందో మీకు తెలుసు. ముగ్గురు లేచి మూడు జవాబులిస్తారు. ఎవరు ఎప్పుడు ఏ కచేరీలో ఏ ధైవతం పట్టారో చెబుతారు, పాత గ్రామఫోను రికార్డులు పెట్టి వినిపిస్తారు. ఆ మేళగాడికి కావలసింది అదే. ఆయనకు దొరికింది నేను, మధ్యలో మేనమామ.

ఇందులో నన్ను బాధించే సంగతి ఇంకొకటుంది. ఆ జవాబున్న పుస్తకం సుబ్బరామ దీక్షితులు రాసిన సంగీత సంప్రదాయ ప్రదర్శిని. 1904లో ఎట్టయపురంలో అచ్చయింది. తమిళదేశపు దక్షిణపు కొసన, ఒక జమీందారీ ప్రెస్సులో, తెలుగు లిపిలో, ఒక్కొక్క గమకానికి ఒక్కొక్క గుర్తు పోయించి వేసిన పుస్తకం. ఆ నాదస్వరం ఆయన తెలుగు మాట్లాడతాడు, చదవలేడు. తమిళం చదువుతాడు. ఆ పుస్తకాన్ని తర్వాతి రోజుల్లో తమిళ లిపిలో భాగాలు భాగాలుగా వేసింది ఎవరో కాదు, మీరే. చదవగలిగిన లిపిలో జవాబు అచ్చయి ఉంది, అడిగే మనిషీ ఉన్నాడు. ఇద్దరికీ మధ్య దాదాపు 300 కిలోమీటర్లు.

ప్రదర్శిని వెలుగు చూడటం వెనక ఏ.ఎం. చిన్నస్వామి ముదలియార్ పట్టుదల ఉంది. ఆయన మద్రాసు సెక్రటేరియట్ ఉద్యోగి, క్రైస్తవుడు. మన కీర్తనలను పాశ్చాత్య స్వరలిపిలో అచ్చు వేయించాలని సొంత డబ్బు ఖర్చుపెట్టి 1893లో పుస్తకం తెచ్చాడు. శుద్ధమైన పాఠాలు ఎక్కడున్నాయని వెతుక్కుంటూ వెళ్ళి సుబ్బరామ దీక్షితులను పట్టుకున్నాడు. ఇంట్లో దాచుకున్న విద్యను బయట పెట్టమని అడిగాడు, ఎట్టయపురం ప్రభువు చేత కూడా చెప్పించాడు. అందుకోసం ఎట్టయపురానికి తనే వెళ్ళాడు.

తంజావూరు అబ్రహాం పండితర్ సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు గానీ, ఈ లేఖ చదివే తెలుగువాళ్ళ కోసం చెబుతాను. ఆయన సిద్ధ వైద్యుడు. మందులమ్మి సంపాదించిన డబ్బుతో 1912లో సంగీత విద్యా మహాజన సంఘం పెట్టి, విద్వాంసులను తంజావూరుకు పిలిపించి, భోజనం పెట్టి, శ్రుతులు ఇరవై రెండా ఇరవై నాలుగా అని వాదించుకోమన్నాడు. ఏడు సభలు జరిపాడు. 1917లో కరుణామృత సాగరం అచ్చు వేశాడు. ఆయన శ్రుతి లెక్క ఒప్పుకోనివాళ్ళు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. కానీ 1927లో మద్రాసు కాంగ్రెసు మహాసభతోపాటు సంగీత సభ జరిగి, ఆ ఊపులో 1928లో మీ అకాడెమీ పుట్టడానికి పదహారేళ్ళ ముందే ఈ మాటలాట తంజావూరులో సాగిందన్నది మాత్రం నిజం. సరదాకి ఇంకో ముక్క: మీ మొదటి అధ్యక్షులు యు. రామారావుగారూ డాక్టరే. మా తెలుగువైపు వస్తే, స్టెతస్కోపు పక్కన పెట్టి నేదునూరి, వోలేటి వంటివాళ్ళకు పాఠం చెప్పి, కర్నూలులో స్థిరపడిన శ్రీపాద పినాకపాణిగారూ డాక్టరే. ఆయన ఇంటి నుంచి వెళ్ళిన శిష్యులు మీ వేదికల మీద పాడారు, ఆయనకు 1983లో మీరే సంగీత కళానిధి ఇచ్చారు. సంగీతం గురించి మాట్లాడుకోవడానికి మహానగరమే ఉండాలన్న నియమం మన చరిత్రలో ఎక్కడా లేదు.

ఇప్పుడు వేళ సంగతి. అసలు ఇబ్బంది ఇక్కడుంది. మీ సీజను మార్గళిలో, అంటే ధనుర్మాసంలో. అది సహజమే. మార్గళిలో పెళ్ళి ముహూర్తాలుండవు, పాటగాళ్ళకు తీరిక. కానీ గుడి మేళానికి ఏడాది మొత్తంలో తీరిక లేని నెల అదే. తెల్లవారుజామున చలిలో లేచి, తిరుప్పళ్ళియెళుచ్చి మేలుకొలుపు వేళకు గుడిలో ఉండాలి. మంచుకు సీవాళి బిగుసుకుంటే నోట్లో పెట్టుకుని వెచ్చచేసుకోవాలి. మీ హాల్లో పొద్దుటి ప్రసంగం మొదలయ్యే గంటకు నాదస్వరం ఆయన ప్రసాదం పొంగలి ఆకులో కట్టించుకుని ఇంటికి నడుస్తుంటాడు. మార్గళి ముప్పై రోజులూ ఇంతే. అందరికీ తెరిచిన తలుపే, నేను కాదనను. అది తెరుచుకునే వేళకే వీళ్ళకు పని.

మరి ఎప్పుడు? సంక్రాంతికి తై నెల పుట్టిందంటే పెళ్ళిళ్ళు. ఆడి నెలలో పెళ్ళిళ్ళు లేవు, కానీ ఊరూరా మారియమ్మ పండగలు. పురట్టాసి ఒక్కటే కాస్త ఊపిరాడే నెల. శనివారాలు వదిలేయండి, ఆ రోజు పెరుమాళ్ళ గుళ్ళు, భజనలు, మా నాయుళ్ళ ఇళ్ళల్లో తళిగ నైవేద్యం. నవరాత్రులు వదిలేయండి. అవి మొదలు కాకముందు ఏదో ఒక మంగళవారమో బుధవారమో చూడండి. చాలా ఏళ్ళలో సెప్టెంబరు రెండో సగం అని రాసుకోవచ్చు.

రావడం అంటూ జరిగితే మీరు మాత్రమే చెప్పి మేం వినడం కాదు. మేళగాళ్ళ దగ్గర మీరు వినవలసింది చాలా ఉంది. ఉదాహరణకు మల్లారి. స్వామి ఊరేగింపుకు బయలుదేరేటప్పుడు గంభీరనాటలో వాయించేది. సాహిత్యం ఉండదు, తాళం, జతులే. తేరుకు ఒక మల్లారి, నైవేద్యం తెచ్చేటప్పుడు ఒక మల్లారి, తీర్థానికి ఒకటి. కచేరీ హాల్లో ఆరు నిమిషాల్లో ముగిసే మల్లారికీ, వాహనం మోసేవాళ్ళ అడుగుకు సరిపెట్టుకుంటూ, మలుపు దగ్గర కాలం తగ్గించి మళ్ళీ ఎత్తుకునే మల్లారికీ ఎంత తేడా ఉందో కూర్చుని వాయిస్తే తెలియదు. మా వాళ్ళ చేత చెప్పించండి. హాల్లో కాకుండా గుడి ప్రాకారంలో నడుస్తూ వినండి.

తవిల్ చూడండి. కుడిచేతి వేళ్ళకు తొడిగే ఆ కూళ్ళను గుడ్డపీలికలు, గంజి కలిపి ఒక్కొక్క వేలికి చుట్టి ఆరబెట్టి చేసుకునేవాళ్ళు. ఎడమచేతి కర్ర గంగరావిది. పనసచెక్కను దొలిచిన పీప. ఏ చెక్క ఎందుకు, ఏ చర్మం ఎటు వైపు ఎందుకు అన్నవి ఒక పూటంతా చెప్పుకోదగ్గ విషయాలు. నాదస్వరానికి వేళ్ళు ఆడే ఏడు రంధ్రాలు కాక కింద ఇంకో అయిదున్నాయి. వాటిలో మైనం నింపి, గీకి, శ్రుతి సర్దుకుంటారు. టి.ఎన్. రాజరత్నం పిళ్ళైగారు శుద్ధ మధ్యమం సరిగ్గా పలకడం లేదని పట్టుబట్టి, నరసింగంపేట రంగనాథన్ ఆచారి చేత పొడవైన పారి నాదస్వరాన్ని దిద్దించుకున్నారు. ఒక స్వరం గురించి అంత గొప్ప చర్చ ఏ హాల్లోనూ జరగలేదు, కొయ్య చెక్కే కొట్టంలో జరిగింది. అలాంటి ఆచారి ఒకాయన్ను కూడా మీతో పిలుచుకొస్తే ఆయన ముందు మా వాళ్ళు రాత్రి దాకా లేవరు.

సాహిత్యం వైపు కూడా ఒక పని ఉంది. నాదస్వరం వాయించేవాళ్ళు కీర్తన మాటలు తెలిసి వాయిస్తే ఊపిరి ఎక్కడ తీసుకోవాలో ఎవరూ చెప్పనక్కర్లేదు. మాట మధ్యలో తెగదు. తమిళం మాత్రమే వచ్చిన కుర్రాళ్ళు త్యాగరాజ కీర్తనలు స్వరాలుగా బట్టీ పట్టి వాయిస్తున్నారు. మా ఊళ్ళ తెలుగు ముసలమ్మలకు స్వరం రాదు, మాట వస్తుంది. ఇద్దరినీ ఒక పూట పక్కపక్కన కూర్చోబెడితే రెండు వైపులకూ లాభం. ఈ ఒక్క పనికి మీ విద్వాంసులు కూడా అక్కర్లేదనుకోండి. కానీ మీరొస్తున్నారంటేనే వాళ్ళు కూర్చుంటారు.

మీరు అనబోయేవి కొన్ని ఊహించగలను. ప్రసంగాలు యూట్యూబులో దొరుకుతున్నాయి కదా అంటారు. వింటున్నాం, మేలు జరిగింది. కానీ ఫోనుకు చెయ్యెత్తి ప్రశ్న అడగలేం, అది తిరిగి 'ఏదీ, నువ్వు వాయించు' అనదు. జిల్లా సంగీత పాఠశాలలు ఉన్నాయి కదా అంటారు. సేలంలో, కృష్ణగిరిలో ప్రభుత్వం నడుపుతోంది, మంచి పని. అవి చదువుకునే పిల్లలవి. నలభై దాటి, ఇరవై ఏళ్ళుగా వాయిస్తూ, కొత్తగా అనుమానం వచ్చినవాడు ఎక్కడికి వెళ్ళాలి? చెన్నైలో 2008 నుంచి స్వానుభవ పేరుతో విద్యార్థుల కోసం ఇలాంటి మాటలు, ప్రదర్శనలు జరిపినవాళ్ళున్నారు. 2015లో ఊరూరు ఆల్కాట్ కుప్పం జాలరిపేటకు కచేరీని తీసుకెళ్ళినవాళ్ళున్నారు. స్పిక్ మెకే సంస్థ పెట్టిన కిరణ్ సేఠ్‌గారు డెబ్భై దాటాక 2022లో కాశ్మీరు నుంచి కన్యాకుమారికి సైకిలు మీద బయలుదేరారు. మిమ్మల్ని సైకిలెక్కమనడం లేదు. రాత్రి రైలుంది.

ఇంకొక మాట పైకి అనరు గానీ మనసులో ఉంటుంది: సంగీతమంటే కావేరి డెల్టాది, సేలం, ధర్మపురి మెట్టనేల. అదే కావేరి తమిళనాట డెల్టా చేరేలోపు హొగెనక్కల్ దగ్గర మా జిల్లాలోనే దూకుతుంది. షేక్ చినమౌలానాగారిది ఒంగోలు పక్క కరవది. నాచ్చియార్‌కోయిల్ వెళ్ళి రాజం, దురైక్కణ్ణు పిళ్ళైల దగ్గర నేర్చుకుని, శ్రీరంగంలో స్థిరపడి, 1982లో అక్కడే నాదస్వర పాఠశాల పెట్టారు. డెల్టా ఆయనకు తలుపు వేయలేదు. మీరు 1998లో ఆయన్ను సంగీత కళానిధిని చేశారు. తెలుగువాడు, ముస్లిం, మెట్టప్రాంతం నుంచి వచ్చినవాడు. నాకు ఇంతకంటే పెద్ద సాక్ష్యం అక్కర్లేదు.

జనం ఎంతమంది వస్తారంటే, మీ పెద్ద హాలు నిండదు. చిన్న హాలు నిండుతుంది. నిండకపోయినా వచ్చినవాళ్ళలో వాయించనివాడు ఉండడు.

ఖర్చు సంగతి. ముహూర్తాలు లేని రోజుల్లో కల్యాణమండపం తక్కువ అద్దెకే దొరుకుతుంది. వంట, వడ్డన మేం చూసుకుంటాం. రాగి సంకటి తినగలిగినవాళ్ళను పంపితే మరీ మంచిది, తినలేనివాళ్ళకు ఇడ్లీ ఉంటుంది. మీ వైపు నుంచి కావలసినవాళ్ళు ముగ్గురు: గాత్ర విద్వాంసులొకరు, నాదస్వరం బాగా తెలిసినవారొకరు, పాత రికార్డులు వినిపించడానికి మంచి స్పీకర్లతో వచ్చే మనిషి ఒకరు. ప్రసంగం ఇంగ్లీషులో వద్దు. తమిళంలో చెప్పండి, సాహిత్యం దగ్గర తెలుగు కలపండి. మా మేళగాళ్ళలో మాట్లాడినవాళ్ళకు మీ వాళ్ళకిచ్చే సంభావనే ఇవ్వండి. పొన్నాడై మాత్రం కప్పకండి. ఏ మేళగాడి ఇంట్లో చూసినా కప్పిన శాలువాలు బీరువా పట్టకుండా ఉన్నాయి, వాటితో బియ్యం రాదు.

ఇద్దరు ముగ్గురు ముందుగా వచ్చి చూసి వెళ్తామంటే, ఉత్తరం ముక్క రాయండి. మొరప్పూరు స్టేషనుకు ఎవరో ఒకరు వస్తారు. ఆభేరి ప్రశ్న వేసినాయన్ను ఆ రోజు పని ఒప్పుకోవద్దని చెప్పి ఉంచుతాను. ఆయన దగ్గర ఇప్పుడు రెండో ప్రశ్న కూడా తయారుగా ఉంది, తోడి గురించి. అది నాకు అసలు అర్థం కాలేదు.

ఇట్లు
కంబైనల్లూరు వయొలిన్ మాస్టరు